ఇత్తడి ముద్ర కింది చిట్టీ

మాదాపూర్‌లో ఆ రోజుల్లో పన్నెండు గంటలకు బండలు పేల్చేవారు. ముందు ఒకతను రోడ్డు మధ్యకు వచ్చి ఎర్రగుడ్డ ఊపుతూ విజిల్ వేసేవాడు. ఆటోలు, సిమెంటు లారీలు, గొర్రెలు తోలుకెళ్లేవాళ్లు, అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయేవారు. తర్వాత రెండు నిమిషాలు ఏమీ జరగదు. ఆ రెండు నిమిషాలు నేను కీబోర్డు మీంచి చేతులు తీసి బల్ల కింద పెట్టుకునేవాణ్ణి. వేళ్లు వణకడం పక్కవాళ్లకు కనబడకూడదు. ఆ తర్వాత నేల అడుగు నుంచి ఒక దెబ్బ వచ్చేది. కిటికీ అద్దాలు మోగేవి, టీ గ్లాసుల మీద సన్నటి బూడిదరంగు దుమ్ము పడేది.

భయపడ్డానని చెప్పుకోవడం మా ఇంట్లో లేదు. అందుకే ఇన్నేళ్లూ ఈ సంగతి ఎక్కడా రాయలేదు.

మాది కర్నూలు జిల్లా. మా తాతగారి ముద్ర పడకుండా చుట్టుపక్కల పద్నాలుగు ఊళ్లలో ఏ కాగితమూ చెల్లేది కాదట. నేను పుట్టేనాటికి ఆ ఊళ్లు మావి కావు. తాతగారి నలుగురు కొడుకులూ ఉన్నది పంచుకున్నారు. పంచుకున్నదాన్ని మళ్లీ పంచుకున్నారు. బావి నీళ్లకు వంతులు పెట్టుకున్నారు. చివరికి చావడి మధ్యలో గోడ కట్టారు. ఆ గోడ సరిగ్గా పెద్ద దూలం కిందికి వచ్చింది. దూలం మీద చెక్కిన సింహం తల మా పెదనాన్న వాటాకు పోయింది, మా వాటాకు తోక వచ్చింది. చిన్నప్పుడు నేను వెల్లకిలా పడుకుని ఆ తోకను చూస్తూ నిద్రపోయేవాణ్ణి.

పంచడానికి వీల్లేనిది ఒక్క ఇత్తడి ముద్రే. అది మా నాన్నకు దక్కింది, ఆయన తర్వాత నాకు వచ్చింది. ఎవరింటికి వెళ్లినా కుర్చీకి వీపు ఆనించకుండా కూర్చోవాలని ఆయన నేర్పాడు. కూకట్‌పల్లి కాలనీలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉంటూ, సిటీబస్సులో నిలబడి ఆఫీసుకు వెళుతూ, అక్కడి ప్లాస్టిక్ కుర్చీలో కూడా నేను అలాగే కూర్చునేవాణ్ణి.

మా ఆఫీసు, కొత్తగా లేచిన పెద్ద గుండ్రటి భవనానికి కాస్త దూరంలో, ఇంకా సున్నం వాసన పోని ఒక ఇంటి పై అంతస్తు. ఐదుగురం పనిచేసేవాళ్లం. పనిలో నేను పెద్దవాణ్ణి. చిన్న ఆసుపత్రుల్లో రక్తం గదులకు పనికొచ్చే ప్రోగ్రాం ఒకటి రాశాం. రక్తం ఇచ్చినవాళ్ల నంబరు, తేదీ, గ్రూపు దాచుకోవడం, సంచుల మీద అంటించే స్టిక్కర్లు అచ్చువేయడం, ఇంతే దాని పని. మా యజమాని దాన్ని అమ్మలేదు. కోడ్‌తో సహా ఇంటర్నెట్‌లో పెట్టించాడు. ఎవరైనా తీసుకోవచ్చు, లోపల ఏం రాశామో చదవొచ్చు, మార్చుకోవచ్చు. ఎక్కడెక్కడి వాళ్లో తీసుకునేవారు. కొందరు ఉత్తరాలు రాసేవారు. మోడెమ్ కీచుమంటూ కలిసి, ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు మా పని వాడుతున్నామని రాసిన మాటలు తెర మీదికి వస్తుంటే నాకు పాత చావడి గుర్తొచ్చేది. మళ్లీ ఎవరో మా గుమ్మంలోకి వస్తున్నట్టు ఉండేది.

ఐదుగురూ ఒకే కోడ్ మీద పనిచేస్తే ఎవరి మార్పులు వాళ్లు సర్వర్‌లో ఉన్న అసలు ప్రతిలో చేర్చాలి. దాన్ని చెకిన్ అనేవాళ్లం. ఇద్దరు ఒకేసారి చేరిస్తే ఒకరి పని ఇంకొకరి పనిలో చిక్కుకునేది. అందుకని నేను తాతగారి ఇత్తడి ముద్ర తెచ్చి సర్వర్ పక్కన పెట్టాను. చెకిన్ చేయదలచినవాళ్లు ముద్రను తమ బల్ల మీదికి తీసుకెళ్లాలి. ముద్ర బల్ల మీద లేనివాళ్లు అసలు ప్రతిని ముట్టుకోకూడదు. మొదట్లో నవ్వారు. నెల తిరిగేసరికి "ముద్ర ఎవరి దగ్గరుంది?" అనడం అందరికీ అలవాటైపోయింది.

ఆ నవ్వినవాళ్లలో వరంగల్ నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె. నాకన్నా ఎనిమిదేళ్లు చిన్నది, పనిలో నాకన్నా చురుకు. రెండో మాట అప్పట్లో నేను పైకి అనలేదు. మొదటి రిలీజ్ ఇచ్చిన వారంలోనే ఆమె నా బల్ల దగ్గరికి వచ్చింది.

"సార్, రిలీజ్ ఇచ్చిన కాడ ఒక బ్రాంచ్ తీద్దాం సార్. వాడేటోళ్ల కోసం వేరే ప్రతి. దాంట్ల రిపేర్లు తప్ప ఇంకేం పెట్టొద్దు. మన కొత్త పనంతా అసలు లైన్ల నడుస్తది."

"అప్పుడు ఒకే రిపేరు రెండుచోట్ల చేయాలి. ఒకచోట చేసి ఇంకోచోట మరిచిపోతే?"

"రాసుకుంటం సార్."

"రెండు నెలల తర్వాత రెండింటినీ ఎవరు కలుపుతారు?"

"నేనే కలుపుత."

"కలపలేవు. విడిపోయినవి కలవడం నేనింతవరకు చూడలేదు."

ఆమె నవ్వు ఆపుకుంది. "గిదేమన్న పాలోళ్ల భూమి పంచాయితీనా సార్? కోడ్ సార్. ఇట్ల ఒక్క లైన్ మీదనే అన్నీ పెడితే ఏదో ఒకనాడు సగం ఉడికిన కూర వడ్డించాల్సొస్తది."

"పూర్తిగా ఉడికాకే వడ్డిస్తాం."

"ఆకలైనోడు అంతదాంక ఆగుతడా?"

మిగతా ముగ్గురూ నవ్వారు. నేను నవ్వలేదు. ఒకే లైన్ ఉంటుందని చెప్పి సంభాషణ ముగించాను. నా మాటలో న్యాయం అసలే లేదని కాదు. అప్పటి పరికరాలతో బ్రాంచ్‌లను తిరిగి కలపడం నిజంగానే యాతన. ఏవి కలిపామో ఏవి కలపలేదో యంత్రానికి గుర్తుండేది కాదు, మనిషే గుర్తుపెట్టుకోవాలి. కానీ ఆ అమ్మాయి కాగితం మీద ఒక గీత గీసి, దాని నుంచి ఇంకో గీత పక్కకు లాగినప్పుడు నాకు కనబడింది ఆ యాతన కాదు, మా చావడి గోడ. అది నాకు ఆనాడే తెలుసు. తెలిసీ, ఇంజనీరింగ్ కారణమే చెప్పాను.

ఇంకో నియమం కూడా నాదే. సెలవు మీద వెళ్లేవాళ్లు తమ పని ఎంతవరకు అయితే అంతవరకు చెకిన్ చేసి వెళ్లాలి. ఎవరి డిస్కులో వాళ్లు దాచుకుంటే అది పాడైనప్పుడు అంతా పోతుంది. ఎవరి పనైనా అందరిదీ ఒకేచోట ఉండాలి.

మా ప్రోగ్రాం వాడే ఆసుపత్రుల్లో ఒకటి మా ఇంటికి దగ్గర్లోనే, నిజాంపేట రోడ్డు మొదట్లో ఉండేది. చిన్న మిషన్ దవాఖాన. రక్తం గది చూసుకునే ఆవిడ యాభై దాటిన మనిషి, మెదక్ వైపు క్రైస్తవ కుటుంబం. అందరూ ఆమెను సిస్టరమ్మ అనేవారు. కంప్యూటరు పెట్టిన రోజున నేనే వెళ్లి నేర్పాను. బల్ల మీద ఆమె రిజిస్టర్ ఉంది. ఎర్ర బట్ట అట్ట, గ్రూపులు ఎర్ర సిరాతో, నంబర్లు నీలం సిరాతో.

"ఇక ఇది రాయనక్కర్లేదు" అన్నాను. "రెండుచోట్ల రాస్తే రెండు రకాలుగా ఉంటుంది. ఏదైనా ఒక్కచోటే ఉండాలి."

"మెషిన్ తప్పు చెప్తే ఎట్ల సార్?"

"మేం రాసిన మెషిన్ తప్పు చెప్పదు."

ఆమె నన్ను నిలువెల్లా ఒకసారి చూసి, "అట్లనే సార్" అని రిజిస్టర్ మూసింది.

వానలు మొదలైన రోజుల్లో ఒక ఆదివారం వాళ్ల చర్చిలో రక్తదానం పెట్టారు. సంచుల మీద నంబర్లు వేసుకుని, సిస్టరమ్మ ఒక్కొక్కటీ పరీక్షచేసి గ్రూపులు కంప్యూటర్లో ఎక్కించింది. తీరా స్టిక్కర్లు తీయబోతే ప్రింటరు కుడివైపు అంచు కోసేస్తోంది. ఆ అంచులోనే గ్రూపు ఉంటుంది. నంబరూ తేదీ వస్తున్నాయి, గ్రూపు రావడం లేదు. ఫోన్ చేసింది. "సంచులన్నీ పేర్లేని పిల్లల్లెక్క ఉన్నయ్ సార్. జర చూడుండ్రి."

లోపం చిన్నదే. ఒక గంటలో సరిచేశాను. చెకిన్ చేయడానికి ముద్ర కోసం చూస్తే అది వరంగల్ అమ్మాయి బల్ల మీద ఉంది. ఆమె ఆ ఉదయమే అన్న పెళ్లికి ఊరెళ్లింది. ముద్ర ఎత్తితే కింద మడతపెట్టిన చిట్టీ ఒకటి, పైన నా పేరు. మళ్లీ బ్రాంచ్ గురించే అయి ఉంటుందనుకున్నాను. అంతకు ముందు వారంలోనే అందరి ముందూ మరోసారి ఆ మాటెత్తింది. మడత విప్పకుండా సొరుగులో పడేశాను.

ఆ చిట్టీ చదవడానికి పది సెకన్లు పట్టి ఉండేది.

ముద్ర నా బల్ల మీదికి తెచ్చుకుని, రిపేరు చేర్చి, అసలు లైన్ మీంచే కొత్త రిలీజ్ తయారుచేశాను. ఆఫీసులో ఉన్న ఉత్తుత్తి డేటాతో నాలుగు స్టిక్కర్లు అచ్చువేసి చూశాను. అంచు తెగలేదు. సాయంత్రం ఇంటికి వెళ్లేముందు ఇంటర్నెట్‌లో పెట్టి, వాడేవాళ్లందరికీ ఒక ఉత్తరం పంపాను. పాతది తీసేసి వెంటనే ఇది వేసుకోవాలని రాశాను. "వెంటనే" అన్నమాట నేనే రాశాను.

మర్నాడు ఎనిమిదింటికి ఫ్లాపీ పట్టుకుని దవాఖానకు వెళ్లాను. పదిహేను నిమిషాల్లో అయిపోయింది. సిస్టరమ్మ ముందే ఒక స్టిక్కర్ తీసి చూపించాను. ఓ పాజిటివ్. గ్రూపు స్పష్టంగా, అంచు తెగకుండా వచ్చింది.

"బంగారమసొంటి పని చేసిండ్రు సార్. చాయ్ తాగిపోరి."

నేను బయట ఎవరి దగ్గరా ఏమీ తీసుకోను. వద్దని చెప్పి బస్సెక్కాను. మనసు తేలిగ్గా ఉంది.

పదకొండున్నరకు వరంగల్ అమ్మాయి పెళ్లి లడ్డూల డబ్బాతో వచ్చింది. అందరికీ పంచి, నా బల్ల మీద ఉన్న ముద్ర చూసి ఆగింది.

"చిట్టీ చదివిండ్రు గదా సార్?"

నేను సొరుగు తీశాను. అప్పుడు మడత విప్పాను. చిన్న అక్షరాలు, గుండ్రంగా ఉన్నాయి. "సార్, వాడేవాళ్లు అడిగినట్టు బ్లడ్ గ్రూపుల వరుస మార్చాను. పాత డేటాను కొత్త వరుసలోకి తెచ్చే ప్రోగ్రాం ఇంకా రాయలేదు. సెలవు రూలు ఉంది కాబట్టి సగంలోనే చెకిన్ చేశాను. నేను వచ్చేవరకు దీని మీంచి రిలీజ్ ఇవ్వకండి, ప్లీజ్."

"ఇచ్చిండ్రా?" అంది.

నేను చిట్టీ మళ్లీ మొదటి నుంచి చదివాను.

"సార్. ఇచ్చిండ్రా?"

"నిన్న సాయంత్రం."

ఆమె లడ్డూ డబ్బా నేలమీదే పెట్టేసి కాగితం లాక్కుంది. మా ప్రోగ్రాం గ్రూపును పేరుతో కాకుండా ఒక అంకెగా దాచేది. స్టిక్కర్ వేసేటప్పుడు వరుసలో ఆ అంకె దగ్గర ఏ గ్రూపు ఉంటే అది అచ్చువేసేది. పాత వరుసలో ముందు పాజిటివ్‌లన్నీ, తర్వాత నెగటివ్‌లన్నీ. కొత్త వరుసలో ఒక్కో గ్రూపుకు పాజిటివ్, దాని పక్కనే నెగటివ్. ఆమె రెండు వరుసలూ పక్కపక్కన రాసింది.

"ఒకటి. పాత దాంట్ల ఓ పాజిటివ్, కొత్త దాంట్ల కూడ ఓ పాజిటివే."

పొద్దున నేను చూసిన స్టిక్కర్ అదే.

"రెండు. పాత దాంట్ల ఏ పాజిటివ్." పెన్ను ఆగింది. "కొత్త దాంట్ల ఓ నెగటివ్ సార్."

రక్తం గదుల కోసం రెండేళ్లు పనిచేసినవాణ్ణి, నాకు దాని అర్థం ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎవరికైనా ఎక్కించగలిగేది ఓ నెగటివ్. ప్రాణం మీదికి వచ్చినప్పుడు, రోగిది ఏ గ్రూపో చూసే తీరిక కూడా లేనప్పుడు, ఫ్రిజ్‌లోంచి తీసేది ఆ సంచినే. ఇప్పుడు ఆ పేరు పెట్టుకుని ఇంకో రక్తం అక్కడ కూర్చుంది. పడనివాళ్లకు ఎక్కిస్తే మనిషి మిగలడు.

ఫోన్ తీసి దవాఖానకు చేశాను. మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. మళ్లీ చేశాను.

"ఇంటర్నెట్‌లోంచి తీసేయ్" అన్నాను.

"తీస్త. గని ఇప్పటికే తీసుకున్నోళ్ల సంగతేంది సార్?"

నేను మెట్లు దిగాను.

రోడ్డు మీద ఒకే ఆటో ఉంది. ఎక్కి కూర్చున్నాక కూకట్‌పల్లి దాటి నిజాంపేట రోడ్డు అని చెప్పాను. కొండాపూర్ వైపు వంద గజాలు పోయామో లేదో విజిల్. ఎర్రగుడ్డ. పన్నెండు అయింది.

"పోనీయండి, అవతలికి పోదాం" అన్నాను.

"యాడికి పోతం సార్, బండ మీద పడ్తే ఇద్దరం పైకే." డ్రైవరు ఇంజను ఆపేశాడు. అద్దంలోంచి నన్ను చూశాడు. "ఎందుకింత పరేషాన్? దవాఖానల ఎవరన్న ఉన్నరా?"

"ఉన్నారు."

"మీవోళ్లా?"

"తెలియదు."

"తెల్వదంటే?"

"ఎవరో తెలియదు."

అతను వెనక్కి తిరిగి నన్ను సరిగ్గా చూశాడు. తాగి ఉన్నానేమో అనుకున్నాడో ఏమో, మళ్లీ ముందుకు తిరిగాడు. ఆ రెండు నిమిషాలు నేను చేతులు దాచుకోలేదు. మోకాళ్ల మీద అవి ఎగిరెగిరి పడుతుంటే చూస్తూ కూర్చున్నాను. దెబ్బ వినబడింది. దుమ్ము లేచింది. ఎర్రగుడ్డ దిగగానే, నేను చెప్పకుండానే, అతను ఆ గుంతల రోడ్డు మీద ఆటోను ఎగరేసుకుంటూ తీసుకెళ్లాడు.

రక్తం గది తలుపు తీసే ఉంది. లోపల ఎవరూ లేరు. ఫోను బల్ల మీద ఉంది. ఫ్రిజ్ తెరిచాను. సంచులన్నీ వరుసగా, ప్రతిదానికీ నా స్టిక్కర్, నాలుగు మూలలూ ఒత్తి నీటుగా అంటించి ఉంది. ఓ నెగటివ్ అని రెండు కనబడ్డాయి. మూడో దాని చోటు ఖాళీగా ఉంది.

నేల తుడిచే ఆమె గుమ్మంలోకి వచ్చింది. "సిస్టరమ్మ పైకి పోయింది సార్. కాన్పుల గదికి. అర్జెంటని ఉరికింది."

నేను ఎవరి ముందూ పరుగెత్తి ఎరగను. మా ఇంట్లో మగవాళ్లు పరుగెత్తరు. ఆ మెట్ల మీద రెండేసి చొప్పున ఎక్కాను. ఒకచోట జారి మోకాలు కొట్టుకుంది, ప్యాంటు చిరిగింది. పైన వరండాలో ఒక పాతికేళ్ల మనిషి గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. చెప్పులు చేతిలో పట్టుకుని ఉన్నాడు. కాన్పుల గది తలుపు మూసి ఉంది. నేను దాన్ని రెండు చేతులతో బాదాను.

"సిస్టరమ్మా! ఆ రక్తం ఎక్కించకండి!"

లోపలినుంచి డాక్టరమ్మ గొంతు. "ఎవరది? బయట ఉండండి!"

"ఆ సంచి మీద స్టిక్కర్ తప్పు. అది ఓ నెగటివ్ కాదు. ఏ పాజిటివ్!"

ఏమీ వినబడలేదు. విజిల్ తర్వాత రెండు నిమిషాలు నాకు అలవాటే. ఇది అంతకన్నా తక్కువసేపే అయి ఉంటుంది. నేల అడుగునుంచి దెబ్బ ఎప్పుడొస్తుందా అని చూస్తున్నట్టు నిలబడ్డాను.

తలుపు కొంచెం తెరుచుకుంది. సిస్టరమ్మ. ఆమె చేతిలో సంచి, దానికి వేలాడుతున్న గొట్టం.

"సూది పెట్టినం సార్. గని రక్తం ఇంక ఇడువలే" అంది. "డాక్టరమ్మ చెయ్యి క్లిప్పు మీదనే ఉండె."

తలుపు చెక్క పట్టుకున్నాను.

"నాకు అనుమానమే కొట్టింది సార్" అంది ఆమె, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు. "ఒక్క ఆదివారం ఓ నెగటివోళ్లు ముగ్గురు యాడికెళ్లొస్తరు? గని మెషిన్ చెప్పింది గదా అనుకున్న."

డాక్టరమ్మ ఆమె భుజం మీంచి నా వైపు చూసింది. నుదుటి నిండా చెమట. "తప్పంటున్నారు కదా. సరైంది ఏదో చెప్పండి. ఈ మనిషి పోతోంది ఇక్కడ. ఏ సంచి తెమ్మంటారు?"

నేను చెప్పలేను. ఆమె అడిగినదానికి జవాబు మా కంప్యూటర్లో ఉత్త అంకెలుగా ఉంది. కానీ వేళ్ల మీద లెక్కపెట్టి ఏ అంకె ఏ గ్రూపో చెప్పే స్థితిలో నేను లేను.

సిస్టరమ్మ అప్పటికే మెట్లు దిగుతోంది. నేను వెనకే దిగాను. ఆమె గదిలో దూది కట్టల పెట్టె పక్కకు జరిపి, దాని వెనక నుంచి ఎర్ర బట్ట అట్ట రిజిస్టర్ తీసింది. ఆదివారం తేదీ, నీలం సిరాలో నంబర్లు, ఎర్ర సిరాలో గ్రూపులు.

నా వైపు చూడకుండా అంది. "మీరు రాయొద్దన్నరు. నా చెయ్యి ఊకోలే సార్. మీకు కోపమొస్తదని చెప్పలే."

ఆమె వేలు వరుస వెంట దిగి ఒకచోట ఆగింది. ఒకే ఒక్క ఓ నెగటివ్. ఫ్రిజ్‌లో ఆ నంబరు సంచి మీద నా స్టిక్కర్ "బి పాజిటివ్" అంటోంది. ఆమె దాన్ని తీసి, పింగాణీ పలక మీద ఒక్కో చుక్క రక్తం, పరీక్ష మందు వేసి, వంచి వంచి చూసింది. చేతులు ఏమాత్రం వణకలేదు. "ఇదే" అని కొంగుకు సంచి చుట్టుకుని పైకి వెళ్లింది.

నేను ఫ్రిజ్ ముందు కూర్చుని మిగతా సంచుల మీది స్టిక్కర్లన్నీ గోళ్లతో పీకాను. గట్టిగా అంటించింది. కొన్ని తునకలు తునకలుగా వచ్చాయి.

తర్వాత పైకి వెళ్లి వరండాలో నిలబడ్డాను. అరగంటో, గంటో. చివరికి సిస్టరమ్మ బయటికి వచ్చి ఆ నేల మీద కూర్చున్న మనిషితో, "నిలబడ్డది బిడ్డా. తల్లి నిలబడ్డది. పిల్ల గూడ మంచిగనే ఉంది" అంది.

అతను లేచాడు. ఏడుస్తూ నా దగ్గరికి వచ్చాడు. "రక్తం మీరే పట్టుకొచ్చిండ్రు గదా సార్? ఉరుక్కుంట రావడం చూసిన."

"కాదు" అన్నాను. "నా తప్పు వల్ల ఆలస్యమైంది. మీ ఆవిడకు వేరే రక్తం ఎక్కేది. ఆ తప్పు నాది."

అతనికి నా మాట అందలేదు. చెప్పులు కింద పడేసి నా కాళ్ల మీదికి వంగాడు. మా తాతగారి ముందు జనం అలా వంగేవారని గర్వంగా చెప్పుకునే ఇంట్లో పెరిగాను. నేను వెనక్కి గెంతాను. గోడ తగిలింది. అతని చేతులు నాకు తగలకూడదని గోడకు అతుక్కుపోయి నిలబడ్డాను. ఆ రోజంతటిలో నేను పడ్డ భయాల్లో అది వేరే రకం.

ఆఫీసుకు తిరిగి వచ్చేసరికి మూడు దాటింది. అందరూ నా చిరిగిన ప్యాంటు వైపే చూశారు. వరంగల్ అమ్మాయి లేచి నిలబడింది.

"బతికింది" అన్నాను.

ఆమె కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత, "పేజీ మీంచి తీసేసిన సార్. పాత రిలీజ్ కాడికెళ్లి బ్రాంచ్ తీసి, మీ ప్రింటర్ రిపేరు ఒక్కటే దాంట్ల పెట్టి నా మెషిన్ల రెడీ చేసిన. పాత డేటాతోని పరీక్ష గూడ చేసిన."

"మరి చెకిన్ చేయలేదేం?"

"ముద్ర మీ బల్ల మీదనే ఉంది గద సార్."

మూడు గంటలు. ముద్ర నా బల్ల మీద ఉందని, నా నియమాన్ని పట్టుకుని, ఆమె సిద్ధమైన రిపేరును బయటికి పంపకుండా కూర్చుంది. నేను దాన్ని తీసి ఆమె బల్ల మీద పెట్టాను. "రిలీజ్ బ్రాంచ్ నీ చేతిలోనే ఉండనీ. దాంట్లో ఏం చేరాలన్నా నిన్నడుగుతాం. నేనైనా సరే" అన్నాను.

"రెండు బ్రాంచులు కలిపేటప్పుడు మీరు తిట్టొద్దు మరి."

"తిట్టను."

"రాసిచ్చి ముద్ర గుద్దుండ్రి" అంది. ఎవరూ నవ్వలేదు, ఆమె కూడా.

అప్పుడు నేను కూర్చుని ఉత్తరం రాశాను. ముందురోజు ఏ జాబితాకు పంపానో దానికే. నిన్న ఇచ్చిన రిలీజ్ ప్రమాదకరమని, దానితో తీసిన ప్రతి స్టిక్కరూ చించేయాలని, సంచులు మళ్లీ పరీక్షించాలని రాశాను. కింద, తప్పు నాదని, నన్ను హెచ్చరించారని, నేను చదవలేదని రాశాను. యజమాని చివరి వాక్యం అవసరమా అని అడిగాడు. ఉండనిమ్మన్నాను.

సర్వర్ చిట్టా చూస్తే, పెట్టినప్పటి నుంచి తీసేసేవరకు మూడు చోట్ల వాళ్లు ఆ రిలీజ్ తీసుకున్నారు. ఒకచోటి నుంచి మర్నాడే జవాబు వచ్చింది. ఇంకా వేసుకోలేదట. రెండో చోట చదువు చెప్పడానికి మాత్రమే వాడుతున్నారట, అక్కడ రక్తమే లేదట. మూడోది ఉత్త అంకెల చిరునామా. ఏ దేశమో, ఆసుపత్రో కాదో, ఎవరో తెలియదు. మా జాబితాలో వాళ్ల పేరు లేదు. కనుక నా రెండు ఉత్తరాల్లో ఏదీ వాళ్లకు చేరి ఉండదు. పేజీ పైన పెద్ద అక్షరాలతో హెచ్చరిక పెట్టాం. ఆ అంకెల నుంచి మళ్లీ ఎవరూ ఆ పేజీకి రాలేదు.

నేను ఆ ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పొద్దున్నే మోడెమ్ కలపగానే ముందు ఆ చిట్టాలో ఆ అంకెలకోసం వెతికేవాణ్ణి. మధ్యాహ్నం విజిల్ వినబడితే చేతులు బల్ల కిందికి పోయేవి. ఆ తర్వాత బండలన్నీ అయిపోయాయి, వాటి చోట అద్దాల మేడలు లేచాయి, విజిల్ ఆగిపోయింది. నాకు ఆగలేదు.

ఆ మూడోచోట కూడా ఒక సిస్టరమ్మ ఉండి ఉంటుందనుకుంటాను. నాలాంటివాడెవడో వీపు నిటారుగా పెట్టి వద్దని చెప్పినా, దూది కట్టల వెనక రిజిస్టర్ దాచి, ఎర్ర సిరాతో గ్రూపులు రాసుకుంటూ ఉండి ఉంటుందనుకుంటాను. అలా అనుకోకుండా నేను నిద్రపోలేను.